జబర్దస్తీగా

హైదరాబాదులో అమీర్‌పేట పక్కనే ఎస్.ఆర్. నగర్ ఉంది. సంజీవరెడ్డి నగర్‌ను అందరూ అలా పొట్టిగా పిలుస్తారు. ఇక్కడ కూరగాయల బండి దగ్గర నిలబడితే తెలుగు, ఉర్దూ కలిసిపోయి వినిపిస్తాయి. అలా కలిసిన మాటల్లో జబర్దస్తీ ఒకటి.

"వద్దంటున్నా జబర్దస్తీగా కిలో టమాటలు సంచిల పోసిండు" అంటుంది ఒకామె. తనకు ఇష్టం లేకపోయినా బలవంతంగా పోశాడని అర్థం. "ఆకలి లేదన్నా అత్తమ్మ జబర్దస్తీగా ఇంకో రెండు ముద్దలు పెట్టింది" అంటుంది ఇంకొకామె. ఇదీ బలవంతమే. కానీ ఇందులో ప్రేమ ఉంది.

ఈ మాట పారసీ నుంచి ఉర్దూలోకి, అక్కడి నుంచి తెలుగులోకి వచ్చింది. జబర్ అంటే పైన. దస్త్ అంటే చెయ్యి. పైన ఉన్న చెయ్యి! తెలుగులో "వాడిదే పైచేయి" అంటారు కదా, అలాంటిదే. దస్తావేజు, దస్కతు అనే మాటల్లో ఉన్నదీ ఆ చెయ్యే. దస్కతు అంటే సంతకం.

రాసేటప్పుడు చివరి అక్షరం చూసుకోవాలి. జబర్దస్త్ అని పొల్లుతో ఆగితే మెచ్చుకోలు. "బిర్యానీ జబర్దస్త్‌గా ఉంది" అంటే చాలా బాగుందని. 2013లో ఈటీవీలో మొదలైన నవ్వుల కార్యక్రమం పేరు ఇదే. పొల్లు పోయి గుడి దీర్ఘం వస్తే జబర్దస్తీ. అప్పుడది బలవంతం.

గట్టిగా అనే మాట వేరు. "బాకీ గట్టిగా అడిగింది" అంటే అందులో తప్పు లేదు. తన డబ్బు తాను అడిగింది. "బాకీ కింద జబర్దస్తీగా గిన్నెలు ఎత్తుకుపోయారు" అంటే అది తప్పే.

కాగితం మీద దస్కతు దగ్గర ఈ మాటకు బరువు ఎక్కువ. కొడతామని బెదిరించి ఒక ఆడమనిషితో ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారనుకుందాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ ఒప్పందాన్ని ఆమె రద్దు చేయించుకోవచ్చు. అయితే అర్జీలో "జబర్దస్తీగా దస్కతు పెట్టించుకున్నారు" అని రాసి ఊరుకుంటే చాలదు. ఎవరు పెట్టించుకున్నారు? ఏ రోజు? చెయ్యి పట్టుకున్నారా, చంపుతామన్నారా? పక్కన ఎవరున్నారు? ఆ కాగితాన్ని ఆమెకు చదివి వినిపించారా? ఇవన్నీ రాయాలి. రాయడానికి సాయం కావాలంటే జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు అక్కడ వకీలు సాయం ఉచితం. సంపాదన ఎంత అని చూడరు.