మడత చాకు ఊగుతోందా? స్క్రూ బిగించే ముందు ఇది చూడండి

పదును పెట్టడం మీద చేసిన ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, నా మడత చాకు తెరిస్తే బ్లేడు ఊగుతోంది, స్క్రూ బిగిస్తే సరిపోతుందా?" సరిపోతుంది, ఒక్కోసారి. ఆ "ఒక్కోసారి" అన్న ముక్క నాకు ఎలా తెలిసిందో ముందు చెప్తాను.

మాది కడియం పక్కన. మా మావయ్య నర్సరీల్లో అంటు కడతాడు, ఎక్కువగా మామిడి. రెండేళ్ల కిందట ఆయనకి ఆన్‌లైన్‌లో ఒక మడత చాకు కొనిచ్చాను. ఆరు నెలలకి "ఒరేయ్ అల్లుడూ, ఇది ఆడుతోందిరా" అన్నాడు. నేను స్క్రూ బిగించాను. ఊగడం పోయింది. ఆయన ముందే టక్కున తెరిచి చూపించి ఇచ్చేశాను, భలే గర్వంగా. పది రోజులు తిరక్కుండా, మొక్క కాండం చీలుస్తుంటే బ్లేడు కర్రలో ఇరుక్కుంది. బయటికి లాగడానికి చాకుని పైకీ కిందకీ ఊపాడు. లాక్ జారిపోయి బ్లేడు చూపుడు వేలి మీద మూసుకుంది. కుట్లు పడ్డాయి. ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా మడత పడదు. ఆయనది అంటుకి ఇంత అని లెక్క, నెల జీతం కాదు. నెలన్నర ఇంట్లో కూర్చున్నాడు.

అంటే నేను ఒక రోగానికి ఇంకో మందు వేశాను. చాకులో ఉన్న ప్లే ఒకటి కాదు, రెండు. నేను ఒకటే చూశాను.

బండి మెకానిక్ చక్రం పట్టుకుని ముందు ఒక వైపు, తర్వాత ఇంకో వైపు ఊపి చూస్తాడు కదా, ఏది పోయిందో దాన్నిబట్టి చెప్తాడు. చాకు కూడా అంతే. ముందు పదును వైపు మొత్తం మాస్కింగ్ టేప్ రెండు వరసలు అంటించండి. ఈ స్టెప్ వదిలేసి కామెంట్లో బ్యాండేజ్ ఫొటో పెట్టొద్దు. ఇప్పుడు బ్లేడు పూర్తిగా తెరిచి, పిడి ఒక చేత్తో పట్టుకుని, బ్లేడు కొసని కుడికీ ఎడమకీ మెల్లగా కదపండి. కదిలితే అది పక్క ప్లే. తర్వాత పైకీ కిందకీ, అంటే బ్లేడు మూసుకునే దిశలో, తెరుచుకునే దిశలో కదపండి. ఇందులో టక్ టక్ అని చిన్న కదలిక తెలిస్తే అది నిలువు ప్లే. ఈ రెండోది చూసేటప్పుడు మీ వేళ్లు బ్లేడు మూసుకునే దారిలో ఉండకూడదు. పిడిని రెండు పక్కల నుంచే పట్టుకోండి, గాడి మీదుగా వేళ్లు చుట్టొద్దు.

పక్క ప్లే సులువైన జబ్బు. బ్లేడు తిరిగే ఇరుసుని పివట్ అంటారు. దానికి రెండు వైపులా పల్చటి వాషర్లు ఉంటాయి, ఇత్తడి రంగులో ఉండే కంచువో, నైలాన్‌వో. స్క్రూ వదులైతే ఆ సందులో బ్లేడు ఊగుతుంది. ఈ స్క్రూలు ఎక్కువగా టార్క్స్, అంటే ఆరు కోణాల నక్షత్రం గుంట ఉన్నవి. చాలా చాకుల్లో పివట్‌కి టీ8, పిడి స్క్రూలకి టీ6 పడుతుంది. మొబైల్ రిపేర్ కిట్‌లో ఈ బిట్లు ఉంటాయి. దగ్గరలో ఉన్న చిన్న బిట్ పెట్టి గట్టిగా తిప్పారనుకోండి, గుంట అరిగిపోతుంది, ఇక ఆ స్క్రూ ఎవరి మాటా వినదు.

ఒకేసారి బిగించేయొద్దు. గడియారం ముల్లు ఐదు నిమిషాలు జరిగినంత తిప్పండి, చూడండి. మళ్లీ అంతే తిప్పండి, చూడండి. ఊగడం ఆగాలి, కానీ బ్లేడు పట్టేయకూడదు. పట్టేస్తే ఒక ప్రమాదం ఉంది. తెరిచేటప్పుడు బ్లేడు చివరిదాకా వెళ్లకుండా ముందే ఆగిపోతుంది, లాక్ సగమే పడుతుంది, మీకు మాత్రం పూర్తిగా తెరుచుకున్నట్టే ఉంటుంది. స్క్రూ తిప్పుతుంటే రెండో వైపు కూడా తిరుగుతోందా? అటు ఇంకో డ్రైవర్ పెట్టి ఆపండి.

బిగించిన వారానికే మళ్లీ వదులైతే స్క్రూ మరలకి నీలం రంగు థ్రెడ్‌లాకర్ వాడాలి. లాక్‌టైట్ 243 లాంటిది. స్క్రూ బయటికి తీసి, శానిటైజర్ స్పిరిట్‌తో మర తుడిచి, ఆరాక అగ్గిపుల్ల కొసతో ఒక్క చుక్క. వాషర్ల మీదకి కారితే బ్లేడే అతుక్కుంటుంది. ఒక రోజంతా ఆరనివ్వండి. ఎర్ర రంగుది మాత్రం కొనకండి, దాన్ని మళ్లీ విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది. ఏదీ దొరక్కపోతే ఇంట్లో గోళ్ల రంగు కూడా కొంతకాలం పని చేస్తుంది. చెల్లిని అడిగి తీసుకోండి.

స్క్రూ లేకుండా రివెట్ కొట్టిన చాకులు సంతల్లో దొరుకుతాయి. వాటికి బిగించడానికి ఏమీ ఉండదు. రివెట్ ఒక తలని ఇనప దిమ్మె మీద ఆనించి, రెండో తల మీద చిన్న సుత్తితో మెల్లగా రెండు మూడు దెబ్బలు. ప్రతి దెబ్బకీ బ్లేడు తిరుగుతోందో లేదో చూడాలి. ఎక్కువ బిగిస్తే వెనక్కి తీయడం కష్టం.

ఇక నేను మావయ్య చాకులో వదిలేసింది, నిలువు ప్లే. దీనికి పివట్ స్క్రూతో దాదాపు సంబంధం ఉండదు. ఇక్కడ లాక్ ఎలా పని చేస్తుందో తెలియాలి.

ఆయన చాకుది లైనర్ లాక్. 1980ల మొదట్లో మైకేల్ వాకర్ అనే అమెరికన్ చాకుల తయారీదారు దీన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చాడు. పిడి లోపల స్ప్రింగులా వంగిన ఒక రేకు ఉంటుంది. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే ఆ రేకు పక్కకి జరిగి బ్లేడు మొదలు వెనక అడ్డుగా నిలబడుతుంది. తలుపు వెనక కర్ర ఆనించినట్టు అనుకోండి. బ్లేడు ఒక వైపు స్టాప్ పిన్‌కి, రెండో వైపు ఈ రేకు కొసకి మధ్య ఇరుక్కుని ఆగుతుంది. ఈ మూడూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నంతసేపే లాక్. మధ్యలో ఏమాత్రం సందు వచ్చినా, జిగురు చేరినా, తలుపు కర్ర జారినట్టే.

ఇప్పుడు ఫోన్ టార్చ్ వేసి, కెమెరా జూమ్ చేసి లోపలికి చూడండి. రేకు కొస బ్లేడు మొదలు మీద ఎంత మేర పడిందో కనపడుతుంది. దాని వెడల్పులో పావు వంతు నుంచి సగం దాకా పడితే బాగున్నట్టు. అంచుకి అంటీ అంటనట్టు ఉంటే జారే ప్రమాదం. పూర్తిగా దాటేసి అవతలి గోడకి తగిలిందంటే అరిగిపోయింది, ఇంకా జరగడానికి చోటు లేదు, ఆ తర్వాత వచ్చేదే నిలువు ప్లే.

దెబ్బ తగిలాక ఆ చాకు నేను విప్పి చూశాను. రేకు అరగలేదు. బ్లేడు మొదలు మీద నల్లగా గట్టిపడిన మామిడి సొన, దాని మీద అంటు కట్టే ప్లాస్టిక్ టేపు ముక్క, ఆ పైన నేను పోసిన నూనె. అవును, స్క్రూ బిగించినప్పుడు "స్మూత్‌గా ఉంటుంది" అని నూనె కూడా నేనే పోశాను. రేకు అంచుకి మాత్రమే ఆనుకుంది, కింద జారుడుబల్ల. పది నిమిషాల్లో శుభ్రం చేయగలిగిన పని అది.

ఎలా చేయాలంటే: విప్పాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. పాత టూత్‌బ్రష్, పంటి పుల్ల, స్పిరిట్ తడిపిన గుడ్డ. రేకు కొస, బ్లేడు మొదలు, స్టాప్ పిన్ చుట్టూ మెరిసేదాకా రుద్దండి. పూర్తిగా ఆరనివ్వండి. నూనె కావాలంటే పివట్ దగ్గర ఒక్క చుక్క. లాక్ ఆనే చోట నూనె అస్సలు వద్దు, పొరపాటున పడితే తుడిచేయండి. వీపు మీద నొక్కి మూసే బ్యాక్ లాక్ చాకులుంటాయి, 1964లో వచ్చిన బక్ 110 తో పేరు తెచ్చుకున్న రకం. వాటిలో వీపు దగ్గర గాడిలో జేబు నూలు, మట్టి చేరితే లాక్ కడ్డీ కిందకి దిగదు. అక్కడా పంటి పుల్లే వైద్యం.

ఒకవేళ విప్పాల్సి వస్తే స్టీలు పళ్లెంలో విప్పండి. ప్రతి స్క్రూ తీశాక ఫోన్‌తో ఒక ఫొటో. వాషర్ ఏ వైపుదో ఆ వైపే వెళ్లాలి. శుభ్రం చేశాక కూడా రేకు అంచుకే పడుతుంటే, స్ప్రింగ్ బలం తగ్గిందేమో చూడండి. బ్లేడు తీసేసి రేకుని లోపలి వైపుకి కొద్దిగా వంచొచ్చు. కొద్దిగా అంటే కొద్దిగానే. రేకు కొసని ఆకురాయితో అరగదీయడం మాత్రం చేయకండి. అక్కడ 7 నుంచి 10 డిగ్రీల వాలు ఉంటుంది, చేత్తో అది నిలబెట్టడం నా వల్ల కాలేదు, పాత చాకు ఒకటి పాడు చేసుకున్నాక చెప్తున్నాను.

కొందరికి దీనికి రివర్స్ సమస్య, లాక్ పట్టేసి రాదు. రేకు కొస మీద పెన్సిల్‌తో ఒకసారి గీయండి, చాలు.

పరీక్ష సంగతి. కొన్ని వీడియోల్లో తెరిచిన చాకు వీపుని బల్లకేసి ఠపీమని కొడతారు, లాక్ గట్టిదా కాదా అని. మంచి లాక్ కూడా అలా కొడితే దెబ్బతింటుంది. దాని బదులు, టేప్ ఉండగానే, పిడిని పక్కల నుంచి పట్టుకుని బ్లేడు వీపుని చెక్క అంచుకి ఆనించి మెల్లగా బరువు పెంచండి. ఇరవై సార్లు తెరిచి మూసి మళ్లీ నొక్కండి. ఒక్కసారి జారినా అది ఫెయిలే. ఇరవైలో పంతొమ్మిది బాగుంది కదా అని అడగొద్దు.

అసలు లాకే లేని చాకులు కూడా ఉన్నాయి, చిన్న స్విస్ చాకుల్లాంటివి. స్ప్రింగ్ మాత్రం ఆపుతుంది. వాటితో పొడవడం, తిప్పడం చేయకూడదని వాడేవాడికి ముందే తెలుసు. నాకు చెడిపోయిన లాక్ ఇంకా ప్రమాదంగా కనిపించేది అందుకే, చెయ్యి దాన్ని నమ్మి బిగుస్తుంది.

శుభ్రం చేశాక మావయ్య చాకు ఇరవైకి ఇరవై నిలబడింది. "బాగైంది కదరా, ఇచ్చెయ్" అన్నాడు. ఇవ్వలేదు. కర్ర చీల్చి ఊపి లాగే పనికి మడత చాకే తప్పు ఎంపిక, కొనిచ్చింది నేనే. ఇప్పుడు ఆయన దగ్గర తోలు ఒరలో పెట్టుకునే మడత లేని కత్తి ఉంది. మడతది నా డెస్క్ మీద, పార్సిళ్లు కోయడానికి.

మీది పరీక్షలో పోయి, బాగుపడేలా కూడా లేకపోతే, అలాగే చెత్తబుట్టలో వేయకండి. బ్లేడు మూసి, చుట్టూ అట్ట పెట్టి, టేప్ గట్టిగా చుట్టి, పైన "చాకు" అని పెద్దగా రాసి ఇవ్వండి. చెత్త సంచి చేత్తో విప్పేవాళ్లు ఉంటారు.