టైమ్ అండ్ మెటీరియల్

బయటి కంపెనీతో సాఫ్ట్‌వేర్ రాయించుకునేటప్పుడు మొత్తానికి ఒకే ధర మాట్లాడుకోకుండా, పనిచేసిన గంటలకు, వాడిన సర్వర్లకు, లైసెన్సులకు లెక్కగట్టి చెల్లించే ఒప్పందమే ‘టైమ్ అండ్ మెటీరియల్’. ఏఐ వచ్చాక ఐటీ వార్తల్లో ఈ మాట మళ్లీ వినిపిస్తోంది. కోడింగ్ గంటలే తగ్గిపోతే బిల్లు దేనికి వేయాలన్నది కంపెనీల చిక్కు.

దీనికి ఎదురుగా ఉండేది ఫిక్స్‌డ్ ప్రైస్. తెలంగాణలో చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రాన్నే తీసుకోండి. అక్కడివి 500, 600 మెగావాట్ల యూనిట్లు. బాయిలర్ ఎంత పెద్దదో, చిమ్నీ ఎంత ఎత్తో పునాది తవ్వకముందే డ్రాయింగుల్లో తేలాలి. అలాంటి పనికి ఒకే ధర కుదురుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఫిక్స్‌డ్ ప్రైస్‌కు జోడీ, ఒక దశ ముగిశాకే మరోటి మొదలయ్యే ‘వాటర్‌ఫాల్’ పద్ధతి.

కానీ సాఫ్ట్‌వేర్ అవసరాలు చాలావరకు వాడకంలోనే బయటపడతాయి. 2020 అక్టోబరు 29న మొదలైన తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణిలో, పాసుపుస్తకాల తప్పుల సవరణకు టీఎం-33 వంటి మాడ్యూళ్లు తర్వాత చేర్చాల్సి వచ్చింది. ఫిక్స్‌డ్ ప్రైస్‌లో ఇలాంటి ప్రతి చేర్పూ ఒక ‘ఛేంజ్ రిక్వెస్ట్’: వేరే ధర, మళ్లీ బేరం. రెండు మూడు వారాలకో ముక్క చేసి చూపే ‘ఎజైల్’ పద్ధతికి గంటల లెక్కే నప్పుతుంది. కాకపోతే ఖర్చు ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పలేం. ప్రభుత్వ పోర్టళ్లకైతే అది మన పన్నుల సొమ్ము. అందుకే గరిష్ఠ పరిమితి రాయించుకునేవాళ్లూ ఉన్నారు. నెలనెలా టైమ్‌షీట్లు చూసే మనిషి లేకపోతే మాత్రం డబ్బు సగం పనికే అయిపోవచ్చు.