పోకర్ నేర్చుకోవడానికి చింతగింజలు చాలు

బస్తర్ వారపు సంతల్లో కోడిపందేలు కొత్త కాదు. బరి చుట్టూ చేరినవారు తమకు నచ్చిన పుంజుపై డబ్బు కాస్తారు. అటువంటి పందెం పోకర్ రూపంలో మొబైల్ ఫోన్లలోకీ వచ్చింది. తెలుగు వినిపించే కొంటా, భోపాలపట్నం మొదలు జగదల్‌పుర్ వరకు ఈ ఆటపై ఆసక్తి గల యువత ముందుగా గ్రహించవలసినవి రెండు: ముక్కల లెక్క, చట్టం విధించిన హద్దు.

ఎక్కువ ప్రచారంలో ఉన్న టెక్సాస్ హోల్డెమ్ పద్ధతిలో 52 ముక్కలు వాడతారు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. మధ్యలో అందరికీ ఉమ్మడిగా మొదట మూడు, తరువాత ఒకటి, చివరగా మరొకటి తెరుస్తారు. ఈ ఏడింటిలో మేలైన ఐదింటితో గెలుపు తేలుతుంది. పందెం నాలుగు విడతలుగా సాగుతుంది. ఎదుటివారు పందెం కాస్తే అంతే కట్టవచ్చు, పెంచవచ్చు, లేదా ముక్కలు పడేసి తప్పుకోవచ్చు.

ఎంత అరుదైతే అంత విలువ. ఐదు ముక్కల కూర్పులు మొత్తం 25,98,960. వరుస కాకుండా ఐదూ ఒకే గుర్తువి అయ్యే కూర్పులు 5,108 కాగా, మూడు ఒక రకం, రెండు మరో రకం అయ్యేవి 3,744. అందుకే రెండోది మొదటిదాన్ని ఓడిస్తుంది.

తొలి రెండు ముక్కలు జతగా పడటం 17 సార్లకు ఒకసారి మాత్రమే. ఆసుల జత 221 సార్లకు ఒకసారి. కాబట్టి తప్పుకోవడమెప్పుడో తెలియడమే మొదటి పాఠం. డబ్బు పెట్టి ఆడించే వేదికలు పందెపు సొమ్ములో వాటా మినహాయించుకుంటాయి. సమాన నైపుణ్యం గలవారు ఎంతకాలం ఆడినా, సగటున ఇద్దరికీ నష్టమే మిగులుతుంది.

ఇక చట్టం సంగతి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని, మూడు ముక్కలాట కేవలం అదృష్టమని ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో 1967లో సుప్రీంకోర్టు పేర్కొంది. ఆన్‌లైన్ విషయంలో ఆ తేడాను 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం పక్కన పెట్టింది. నైపుణ్యమైనా, అదృష్టమైనా డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆడినవారికి ఈ చట్టంలో శిక్ష లేదు. అయితే పోగొట్టుకున్న సొమ్ము తిరిగి రావడం కష్టం.

ఆట నేర్చుకోవడానికి పందెం అక్కరలేదు. చింతపండు వ్యాపారానికి పేరొందిన బస్తర్‌లో చింతగింజలకు కొదవ లేదు. తలా యాభై గింజలు పంచుకుని ఇంట్లో ఆడితే ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ తప్పుకోవలసిందో తేలిపోతుంది.