మొండి గుర్రమా, బిగుసుకున్న ఒళ్లా?

ఎడమవైపు సాఫీగా తిరిగే గుర్రం కుడివైపు మళ్లించేసరికి తల విదిలిస్తుంది, మెడ బిగపడుతుంది. స్వారీ నేర్పే చోట ఇలాంటి గుర్రానికి మొండిదని ఇట్టే పేరు పడిపోతుంది. ఆ తర్వాత పగ్గం ఇంకాస్త గట్టిగా లాగుతారు, ఇంకా కరకైన కళ్లెం తెచ్చి పెడతారు. నిజానికి చాలాసార్లు అది మాట వినకపోవడం కాదు, ఒళ్లు వంగకపోవడం. ఈ తేడా గుర్తించక ఎన్నో మంచి గుర్రాలను పాడుచేస్తున్నాం.

చాలా గుర్రాలకు ఒక పక్క వాటం ఉంటుంది. దానికి శరీర నిర్మాణం కూడా తోడవుతుంది. నిలబడి ఉన్న గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే పడుతుంది. పైగా భుజాన్ని ఛాతీతో కలిపే కంటె ఎముక గుర్రానికి లేదు. రెండు గుంజల మధ్య చీరతో ఉయ్యాల కట్టినట్టు, ముందుకాళ్ల మధ్య ఛాతీ అంతా కండరాల ఆధారంతోనే వేలాడుతుంది. ఆ కండరాలు ఒక పక్క బలహీనంగా ఉంటే ఛాతీ అటు ఒరుగుతుంది. మనిషి ఎక్కి కూర్చుంటే ఆ ఒరుగు ఇంకా పెరుగుతుంది. అలాంటి గుర్రం మలుపులో తూలిపోకుండా మెడను ఎదురుపక్కకు తిప్పి సర్దుకుంటుంది. మనకు మొండితనంగా కనిపించేది అదే. రౌతు కొద్దీ గుర్రం అన్నారు కదా, జీను మీద మనమే ఒక పక్కకు వాలి కూర్చుంటే దాని ఒళ్లు తిన్నగా ఎలా ఉంటుంది?

దీనికి విరుగుడు పాతదే. పారిస్‌లో స్వారీ నేర్పిన లా గెరినియేర్ 1733లో వెలువడిన తన పుస్తకంలో 'భుజం లోపలికి' అనే అభ్యాసాన్ని వివరించాడు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్ నేటికీ ఆయన బాటలోనే నడుస్తోంది. గోడ వెంట నడుస్తున్న గుర్రం ముందుకాళ్లను కాస్త లోపలికి తెస్తారు, వెనుకకాళ్లు గోడ వెంటే సాగుతాయి. ఇసుకలో చూస్తే అడుగుజాడలు రెండు వరుసలుగా కాక మూడుగా పడతాయి. అప్పుడు లోపలివైపు వెనుకకాలు పొట్ట కిందికి వచ్చి బరువు మోస్తుంది, భుజాలు తేలికపడతాయి. మామూలు నడకలోనే నాలుగైదు అడుగులు వేయించి వెంటనే పగ్గం వదులు చేయాలి. గుర్రం మెడ దించి, దవడ ఆడిస్తూ, బుస్సుమని ఊపిరి వదిలితే ఒళ్లు సడలినట్టే. అలా కాకుండా బిగుసుకుంటూ పోతే మనం ఎక్కువ అడుగుతున్నామని అర్థం.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు పశువైద్యుడికి చూపించి పళ్లు, గిట్టలు, వెన్ను పరీక్ష చేయించాలి. జీను ఎక్కడైనా నొక్కుతోందేమో చూడాలి. నొప్పితో ఉన్న గుర్రానికి వ్యాయామం చేయించడం హింసే.

స్వారీ లేకుండా కూడా చాలా చేయొచ్చు. అన్నిటికంటే నాకు నమ్మకమైనది క్యారెట్ ముక్కతో చేయించేది. ముక్కను మొదట ఛాతీ దగ్గర, తర్వాత మోకాళ్ల మధ్య, ఆపైన డొక్క పక్కన చూపించి గుర్రం తనంతట తానే మెడ వంచి అందుకునేలా చేస్తారు. అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు స్వారీ పాఠాలకు వాడే 8 గుర్రాల చేత ఇలాంటివి ఒక్కొక్కటి 5 సార్లు, వారానికి 5 రోజులు, 3 నెలల పాటు చేయించారు. ఆ 3 నెలలూ వాటి మీద ఎవరూ ఎక్కలేదు. 2011లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం వెన్నుపూసలను పట్టి ఉంచే లోపలి కండరం రెండు పక్కలా పెరిగింది, కుడి ఎడమల తేడా తగ్గింది.

అయితే మెడను చేత్తో పట్టి వంచకూడదు. బిగుసుకున్న పక్కకు వచ్చేసరికి గుర్రం తల ఏటవాలుగా తిప్పో, కాళ్లు జరిపో ముక్క అందుకోవాలని చూస్తుంది. అలా చేసినప్పుడు కసరకుండా ముక్కను కాస్త దగ్గరికి తెచ్చి, తల తిన్నగా ఉంచి అందుకోగలిగినంత మేరే ఆ రోజుకు చేయించాలి.