పెన్‌గంగ ఒడ్డున మంచు గీతలు

వేసవిలో పెద్దమందడి బండల మీద మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా నిలబడగలమా? అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. అలాంటి ఎండలు కాసే దక్కనులో, మన తెలంగాణ ఉత్తరపు అంచున ఒకప్పుడు కదిలే మంచుగడ్డలు నేలను గీరుకుంటూ సాగాయంటే నమ్ముతారా? నమ్మక తప్పదు. రాళ్లే అందుకు సాక్ష్యం.

ఆ సాక్ష్యాన్ని మొదట చదివినవారిలో విలియం బ్లాన్‌ఫర్డ్ ఒకరు. 1832లో లండనులో పుట్టిన ఆయన, తమ్ముడు హెన్రీతో కలిసి 1855లో భారత భూగర్భ పరిశీలక శాఖలో చేరారు. మరుసటి సంవత్సరం ఒరిస్సాలోని తాల్చేరు బొగ్గు ప్రాంతానికి వెళ్లారు. అక్కడ బొగ్గు పొరలకు అడుగున ఒక వింత పొర కనిపించింది. మెత్తని ఒండ్రు గట్టిపడిన రాయిలో పెద్ద పెద్ద గండశిలలు ఇరుక్కుని ఉన్నాయి!

ఇందులో వింతేముంది అంటారా? వానాకాలంలో మీ ఊరి వాగును గమనించండి. నీటి వేగం తగ్గగానే పెద్ద రాళ్లు ముందు ఆగిపోతాయి. తరువాత ఇసుక దిగుతుంది. సన్నని ఒండ్రు చిట్టచివర చెరువు అడుగుకు చేరుతుంది. అంటే నీరు దేనికది వేరుచేస్తుంది. గండశిలను దొర్లించేంత ప్రవాహం ఒండ్రును అక్కడ నిలవనిస్తుందా? మరి రెండూ ఒకేచోటికి ఎలా చేరాయి? మంచే ఆ రాళ్లను మోసుకువచ్చి వదిలి ఉండాలని బ్లాన్‌ఫర్డ్ సోదరులు ఊహించారు.

ఉష్ణదేశంలో మంచా అని చాలామంది సందేహించారు. బలమైన రుజువు 1872లో దొరికింది. చాందా, అంటే నేటి చంద్రపూర్, దగ్గర పెన్‌గంగ లోయలోని ఇరయి గ్రామం వద్ద ఓల్డ్‌హామ్, ఫెడెన్ అనే శాస్త్రజ్ఞులు అదే గండశిలల పొరను చూశారు. దాని కింది సున్నపురాయి నున్నగా అరిగి, దానిపై గీతలు, గాళ్లు పడి ఉన్నాయి. హిమానీనదం అడుగున చిక్కుకున్న రాళ్లు, ఇనుముపై ఆకురాయి రుద్దినట్లు, నేలను గీరుతాయి. ఆ గుర్తులే ఇవి. వాటి వయసు సుమారు 30 కోట్ల సంవత్సరాలు.

మరి మన గుండ్ల సంగతి?

పెద్దమందడి, వనపర్తి చుట్టుపక్కల గుట్టల మీద గుండ్రని బండలు ఒకదానిపై ఒకటి నిలిచి ఉంటాయి. వీటినీ మంచే తెచ్చిందా? కాదు. ఇవి సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు జాతి శిలలు. పగుళ్లలోకి వాననీరు దిగి రాతిని మెత్తబరచింది. మూలలు అన్ని వైపుల నుంచి అరగడంతో త్వరగా గుండ్రబడ్డాయి. మెత్తబడిన మట్టి కొట్టుకుపోగా గుండ్లు అక్కడే మిగిలాయి. చూపుకు ఒకేలా ఉన్నా కారణం వేరు. పొరను, గీతను, చుట్టూ ఉన్న మట్టిని చూసి గాని శాస్త్రజ్ఞుడు తీర్పు చెప్పడు.

కదిలిన ఖండం

ఇంతకీ మంచు ఎక్కడి నుంచి వచ్చింది? దక్షిణాఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాలలోనూ ఇలాంటి పొరలే బయటపడ్డాయి. ఖండాలు కదులుతాయని 1912లో ప్రతిపాదించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు వెగెనర్ వీటినీ సాక్ష్యంగా తీసుకున్నాడు. మంచు మన దగ్గరకు రాలేదు. మన నేలే అప్పుడు దక్షిణ ధ్రువానికి చేరువలో ఉంది! ఈ ఖండాలన్నీ కలిసి ఉన్న ఆ మహాభూభాగమే గోండ్వానా. గోండుల సీమ పేరే దానికి వచ్చింది. అంటార్కిటికాలోని లార్సెమన్ కొండల దగ్గర 2012లో మన దేశం ‘భారతి’ పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించింది. అక్కడి తీరపు శిలలకూ మన తూర్పు కనుమలకూ పోలిక ఉంది.

మంచు కరిగిన తరువాత చిత్తడి అడవులు పెరిగాయి. అవి పూడుకుపోయి లక్షల ఏళ్లలో బొగ్గయ్యాయి. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో గుర్తించిన సింగరేణి బొగ్గు ఆనాటిదే. ఆ చెట్లు గాలిలోంచి పీల్చి దాచిన కార్బనును మనం బొగ్గు మండించి కొద్ది తరాల్లోనే తిరిగి గాలిలోకి వదులుతున్నాము. భూమి వేడెక్కడానికి ఇదొక ముఖ్య కారణం.

బ్లాన్‌ఫర్డ్ 1879లో మెడ్లికాట్‌తో కలిసి భారత భూగర్భశాస్త్ర గ్రంథం వెలువరించి, 1905లో కన్నుమూశారు. తమ్ముడు హెన్రీ 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖకు తొలి అధిపతి అయ్యాడు; హిమాలయాల మంచుకూ మన వానలకూ సంబంధం ఉందని చెప్పాడు. అన్న గతకాలపు వాతావరణాన్ని రాళ్లలో వెదికితే, తమ్ముడు రాబోయే వానలను మంచులో వెదికాడు. చూశారా! మంచు కథ మనకు దూరపు కథ కాదు.