పెట్టె పోయినా బతికిన కంప్యూటర్

నోయిడాలో మా ఇంటి కంప్యూటర్‌లో ఉన్నది ఉబుంటు. ఒక బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే మాత్రం అందులోనే విండోస్ ఎక్స్‌పీ లేస్తుంది. అదే పచ్చటి గుట్ట, అదే నీలాకాశం. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. నేను వదలకపోవడానికి కారణం తెలుగు. మా తెలుగు సంఘం పాత సావనీర్లన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. అవి యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గదుల్లో తెలుగు తలకట్లు, గుడులు, వత్తులు కూర్చినవి. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే గజిబిజి గుర్తులు తప్ప ఏమీ కనబడవు. వాటిని కంపోజ్ చేసిన కంప్యూటర్ ఎప్పుడో తుక్కులోకి పోయింది.

ఇప్పుడు నా దగ్గరున్నది ఆ కంప్యూటర్‌కి వర్చువల్ రూపం. ఎక్స్‌పీ తన హార్డ్ డిస్క్ అనుకుంటున్నది నా డిస్క్‌లో ఒక ఫైలు. తన మెమొరీ అనుకుంటున్నది నా 8 జీబీలోంచి నేను విడిచిపెట్టిన 512 ఎంబీ. ఈ ఏర్పాటంతా చూసుకునే ప్రోగ్రామ్ పేరు హైపర్‌వైజర్.

ఈ ఆలోచన ఇంటి కంప్యూటర్ కంటే పాతది. అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఐబీఎం ఇంజనీర్ రాబర్ట్ క్రీసీ బృందం సీపీ-40 అనే వ్యవస్థ తయారుచేసింది. 1967లో వాడుకలోకి వచ్చిన ఆ వ్యవస్థ ఒకే సిస్టమ్/360 యంత్రాన్ని 14 యంత్రాలుగా చూపించేది. అప్పట్లో కంప్యూటర్ ఖరీదు అలాంటిది, పంచుకోక తప్పదు. తర్వాత మనిషికో పీసీ వచ్చింది. పంచుకునే అవసరం తగ్గింది, ఆలోచన మూలబడింది.

మళ్లీ అవసరం పడేసరికి పీసీ ప్రాసెసరే అడ్డం తిరిగింది. ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. హైపర్‌వైజర్ కింద నడిచే గెస్ట్ సిస్టమ్‌కి పూర్తి అధికారం ఉండదు. అది యంత్రం అసలు స్థితిని తాకబోతే ప్రాసెసర్ ఆపి, హైపర్‌వైజర్‌కి కబురు పెట్టాలి. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ సూత్రీకరించిన నియమం ఇది. ఇంటెల్ ప్రాసెసర్ దీన్ని పాటించేది కాదు. ఉదాహరణకి పాప్‌ఎఫ్ అనే ఆదేశం. బయటి నుంచి వచ్చే అంతరాయాలను ఆపడానికి గెస్ట్ దాన్ని వాడితే, ప్రాసెసర్ ఆ పని చేసేదీ కాదు, కుదరదని చెప్పేదీ కాదు. ఆపేశానని గెస్ట్ నమ్ముతుంది, హైపర్‌వైజర్‌కి ఆ సంగతే తెలియదు. పెంటియమ్‌లో ఇలాంటి ఆదేశాలు 17 ఉన్నాయని 2000లో ఒక పరిశోధన తేల్చింది.

స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు మెండెల్ రోజెన్‌బ్లమ్, ఆయన భార్య డయాన్ గ్రీన్, మరో ముగ్గురు కలిసి 1998లో వీఎంవేర్ పెట్టారు. ప్రాసెసర్‌ని మార్చడం వాళ్ల చేతుల్లో లేదు. అందుకని ఒక దుబాసీని కూర్చోబెట్టారు. గెస్ట్ చెప్పబోయే మాటలను కాస్త ముందే చదివి, చిక్కు తెచ్చే మాట తగిలితే దాని బదులు క్షేమమైన మాటలు పెట్టి ప్రాసెసర్‌కి అందించే ప్రోగ్రామ్ అది. ఇబ్బంది లేనివాటిని దాదాపు ఉన్నవున్నట్టే పోనిచ్చేది. మాట మాటకీ అనువాదం చేస్తే యంత్రం నత్తనడక నడిచేదే. 1999లో వాళ్ల వర్క్‌స్టేషన్ మామూలు పీసీల మీదికి వచ్చింది.

2005లో ఇంటెల్, మరుసటి ఏడాది ఏఎండీ ప్రాసెసర్‌లోని ఆ లోటును చిప్పులోనే పూడ్చాయి. దాని ఆధారంగా ఏవీ కివిటీ రాసిన కేవీఎం 2007 ఫిబ్రవరిలో లినక్స్ కెర్నల్లో చేరింది. ఇక్కడికి దగ్గర్లోనే, హౌజ్ ఖాస్‌లోని ఐఐటీ ఢిల్లీ వాళ్లు తమ విద్యార్థులకూ అధ్యాపకులకూ వర్చువల్ మెషీన్లు ఇవ్వడానికి కట్టుకున్న 'బాదల్' క్లౌడ్‌కి పునాది ఈ కేవీఎమ్మే. నా బల్ల మీద ఎక్స్‌పీని మోస్తున్నదీ అదే. చాలా కంప్యూటర్లలో చిప్పులోని ఈ సౌకర్యం బయోస్‌లో ఆపేసి ఉంటుంది. నా దాంట్లోనూ అంతే. అది తెలియక రెండు రోజులు కుస్తీ పట్టాను.

ఎక్స్‌పీ మద్దతు లేని సిస్టమ్ కాబట్టి దానికి నెట్ ఇవ్వను. బాగున్న స్థితిని ఒక స్నాప్‌షాట్‌గా దాచి, ఏది చెడినా అక్కడికి వెనక్కి వెళతాను. నిన్న రాత్రి 2003 సంచిక తెరిచాను. ఇప్పుడు లేని పెద్దాయన ఒకరు రాసిన ముందుమాట వచ్చింది. వత్తులన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. పీడీఎఫ్ చేసి వాళ్లమ్మాయికి పంపాను.