విషవ్యర్థములకు గుత్త



ఉప్పలు, నాచారము యంత్రశాలల విషపు మడ్డి ఎచ్చటికి పోవునని మా అంబరుపేటలో పలువురు నన్నడుగుచుందురు. దానిని సంగ్రహముగా మనవిచేసెదను.

ప్రమాదకర వ్యర్థములకు కేంద్రప్రభుత్వము 1989లో నిబంధనలు చేసెను. 2016లో మఱల నూతనముగా ప్రకటించెను. వీనిని శుద్ధిచేయు పనిని అనుమతి పొందిన గుత్తదారుల కొప్పగింతురు. నగరమున కుత్తరమున దుండిగల్లులో 2001లో అట్టి స్థలము వెలసినది. అచ్చట కొంత వ్యర్థమును కొలిమిలో కాల్చి, కొంత సిమెంటుతో గట్టిపఱచి, బంకమన్ను, ప్లాస్టికు పొరలు పఱచిన గోతులలో పూడ్తురు. వాననీరు విషమును బావులకు చేర్పకుండుటకే ఆ పొరలు.

రేడియోధార్మిక వ్యర్థము ఈ గోతులలో చేరదు. మౌలాలి చెంతనున్న అణు ఇంధన సముదాయము వంటివానికి అణుశక్తికి సంబంధించిన చట్టము వేఱుగా కలదు. వైద్యశాలల అయొడిన్-131 శక్తి 8 దినములకు సగమై, 80 దినములకు సుమారు వేయవ వంతగును. కావున భద్రముగా దాచుటయే దానికి విరుగుడు. కోబాల్టు-60 సగమగుటకు అయిదేండ్లు దాటును. 2010లో ఢిల్లీ మాయాపురిలో, ఒక విశ్వవిద్యాలయము వేలము వేసిన పాతయంత్రములోని కోబాల్టు తుక్కుపనివారి చేతబడి ఒకని ప్రాణము గొనెను.

తక్కువ వెలకు పాడినవానికే గుత్త ఇచ్చుట చాలదు. వంతెన కూలిన నందఱును చూతురు. విషమును రాత్రివేళ మూసీలో పోసిన నెవరు చూతురు? అందులకే ప్రతి బండికిని ఏడు ప్రతుల రవాణాచీటి విధింపబడినది. పంపినవాడు, మోసినవాడు, పుచ్చుకొన్నవాడు అందు వ్రాలు చేయవలెను.

మీ పొలిమేరలో పీపాల బండి యాగినచో వానిని ముట్టకుడు, చీటి యడుగుడు. లేకున్న కాలుష్య నియంత్రణ మండలికి తెలుపుడు. బావి మనది, కావలియు మనదే.